పద్నాలుగు అంగుళాల సవరణ

మొక్క పెరిగిందో లేదో మొక్కను చూసి చెప్పే అమాయక కాలం ముగిసింది. ఇప్పుడు ఆ సంగతి తేల్చడానికి ఫలవృక్ష వృద్ధి నిర్ధారణ విభాగం ఉంది. విభాగానికి ఒక యాప్ ఉంది. యాప్‌లో పద్దెనిమిది గడులున్నాయి. పద్దెనిమిదీ నింపాక మొక్క పెరిగినట్టు తేలితే పెరిగినట్టు. తేలకపోతే, మీ కళ్లెదుట చిగురు వేసినా సరే, అది ఆ మొక్క సొంత అభిప్రాయం.

విభాగం పుట్టిన కొత్తలో సిబ్బందికి కొలతకర్రలు ఇచ్చారు. ఏడాది తిరగకుండానే కొన్ని పోయాయి, కొన్ని బీరపాదులకు ఆసరా అయ్యాయి, ఒకటి కుక్కను అదిలించడంలో విరిగింది (దాని మీద విచారణ సాగుతోంది, కుక్క ఇంతవరకు హాజరు కాలేదు). అప్పుడు పైవాళ్లు కూర్చొని ఆలోచించారు. పోగొట్టుకోవడానికి వీల్లేనిది, గోదాములో దాచక్కర్లేనిది, ఎప్పుడు పిలిచినా పొలం దగ్గర నిలబడి ఉండేది ఏదైనా ఉందా? ఉంది. రైతు.

ఆ విధంగా మానవ ప్రమాణ పద్ధతి అమల్లోకి వచ్చింది. తోటకొక నమూనా మొక్కను ఎంచుతారు. ఆరు నెలలకోసారి లబ్ధిదారు దాని పక్కన నిటారుగా నిలబడాలి. ఫోటో తీస్తారు. లబ్ధిదారు ఎత్తు యాప్‌లో ముందే రాసి ఉంటుంది కాబట్టి, మొక్క అందులో ఎన్నో వంతు ఉందో చూసి యాప్ తనంతట తానే అంగుళాలు కట్టేస్తుంది. వరుసగా రెండు ఫోటోల్లో మొక్క పెరగలేదని తేలితే అది "విఫల తోట". విఫల తోటకు ఇచ్చిన డ్రిప్పు పైపులు విప్పుకొని పోయి, విజయం మీద ఆసక్తి ఉన్న వేరొకరికి ఇస్తారు.

మా తోట నర్సింహులపేట దాటాక, తండాకు పోయే బాట పక్కన ఉంది. ఎకరం నేల, నలభై అంటుమామిళ్లు. పట్టా నా భార్య శాంతి పేరు మీద ఉంది కాబట్టి లబ్ధిదారు ఆమె. నేను కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొక్కల గురించి నాకు తెలిసిందల్లా ఆ పుస్తకాలు ఏ బీరువాలో ఉంటాయన్నదే.

మొక్కలకు నర్మెట్ట వైపు ఒక నర్సరీకి పోయాం. అక్కడ శాంతి ప్రతి మొక్కనూ సంచితో సహా ఎత్తి, అంటు కట్టిన చోట బొటనవేలితో తడిమి, ఆకు తిరగేసి చూసి, సగానికి పైగా పక్కన పెట్టేసింది. పూట గడిచిపోయింది. నర్సరీ యజమాని పాపయ్య ఓపిక పట్టి పట్టి చివరికి అడిగాడు.

"అక్కా, మొక్కలు కొంటున్నవా, పెండ్లి సంబంధం చూస్తున్నవా?"

"సంబంధమైతే గింత చూడకపోదును," అంది శాంతి, ఇంకో మొక్కను ఎత్తుతూ. "గీ సారును ఒక్క నిమిషం చూసి సరే అన్న. అప్పటిసంది జర జాగ్రత్తగుంటున్న."

నా ఎత్తు ఆరడుగులు. ఆమెది నాలుగడుగుల పది అంగుళాలు. తేడా పద్నాలుగు అంగుళాలు. పెళ్లయిన కొత్తలో ఆమె తలెత్తి నన్ను, "పైన గాలెట్లుంది?" అని అడిగింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు, నేను ఎప్పుడు గంభీరంగా మాట్లాడబోయినా అదే అడిగింది. "బాగుంది" అనడం తప్ప నాకు వేరే జవాబు దొరకలేదు.

మొక్కలు నాటి, పక్కన కర్రలు పాతి, గాలికి ఊగకుండా తన పాత నీలం చీర చించి ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టింది. సుతిలి తాడైతే బెరడు కోసుకుపోతుందట. (ఈ విషయం తర్వాత తనిఖీలో "మొక్కకు అనధికార వస్త్రం" అని నమోదైంది.) విభాగం మంజూరు చేసినవి నలభై మొక్కలైతే ఆమె తవ్వించినవి నలభై ఒక్క గుంతలు. ఆ ఒకటి పదిహేడో నంబరు మామిడి పక్కనే ఉంది. "గది మన జామ చెట్టుకు. సర్కారు మామిడి కాసేదాకా మనం ఏం తినాలె?" అంది. (అదీ నమోదైంది: "ఖాళీ గుంత, ఒకటి, కారణం తెలియదు.")

పదిహేడో నంబరే నమూనా మొక్క. నాటిన రోజు ఫోటోలో అది ముప్పై అంగుళాలు. ఆరు నెలలకు నలభై ఐదు, అంటే శాంతి భుజం దాకా. "ఇంకో వానాకాలం పోతే నన్ను దాటిపోతది. ఇంట్ల ఒకరు దాటిండ్రు, చాలదా?" అని మొక్కను తిట్టింది.

ఆ వానాకాలంలో మూడో ఫోటో రోజుకు ఆమె దవాఖానలో ఉంది. లబ్ధిదారు గైర్హాజరు కాబట్టి మొక్క పెరగలేదని రాశారు. తొమ్మిది రోజుల తర్వాత శాంతి పోయింది. మొక్కలు ఏ పద్ధతికీ లొంగక ఆ వానలకు రెండు విడతలు ఎర్రటి చిగురు వేశాయి.

పట్టా, పథకం నా పేరుకు మారడానికి నాలుగు నెలలు పట్టింది. నాలుగో ఫోటోకు నేను నిలబడ్డాను. తీసింది కల్యాణ్, మా మండలానికి క్షేత్ర ప్రమాణ సహాయకుడు. మంచివాడు. ఎండలో వచ్చి కూడా చెప్పులు విడిచి తోటలో అడుగుపెడతాడు. ఫోటో తీసి, ఫోన్ చూసి, నన్ను చూసి, మొక్కను చూసి, మళ్లీ ఫోన్ చూశాడు.

"సర్, మొక్క అంగుళంన్నర తగ్గింది."

పదిహేడో నంబరు నా ఛాతీ దాకా ఉంది. చేతిలో టేపు ఉంది కాబట్టి కొలిచి చూపించాను. యాభై నాలుగు అంగుళాలు.

"కల్యాణ్, నీ కళ్లతో నువ్వే చూస్తున్నవు. పెరిగిందా, లేదా?"

"పెరిగింది సర్. మస్తు పెరిగింది. గని నేను చూసింది ఎక్కియ్యనీకి గడి లేదు సర్."

సంగతేమిటంటే, పేరు గడిలో శాంతి పోయి నేను వచ్చాను గానీ ఎత్తు గడిలో ఆమె ఎత్తే ఉంది. యాప్ లెక్కలో నేను నాలుగడుగుల పది అంగుళాల మనిషిని. మొక్క నాలో ముప్పావు వంతుంది. కాబట్టి అది నలభై మూడున్నర. యాప్ లెక్క తప్పలేదు. నా కాళ్లే ఎక్కువున్నాయి.

మూడు రోజులకు తాఖీదు వచ్చింది. "నమూనా మొక్క (సంఖ్య 17) గత కొలత కన్నా తగ్గినట్లు గుర్తించడమైనది. మొక్క తగ్గుటకు గల కారణములను లబ్ధిదారు వారం లోపు తెలుపవలెను. లేనిచో పరికరములు స్వాధీనపరచుకొనబడును." అప్పటికి మార్చి నెల సగం గడిచింది. మా బోరు పొద్దున గంటసేపు పోస్తుంది. డ్రిప్పు ఉంటే ఆ గంట నీళ్లు నలభై మొక్కలకూ చుక్క చుక్కగా అందుతాయి. లేకపోతే పదింటికి మించి తడవవు. మే నెల వచ్చేసరికి ఆమె బొటనవేలితో తడిమి తెచ్చినవాటిలో ముప్పై కట్టెలవుతాయి. తాఖీదుకు జవాబుగా ఇది రాయడానికి చోటు వెతికాను. కారణాల గడిలో నాలుగే ఉన్నాయి: తెగులు, పశువులు, నిర్లక్ష్యం, ఇతర కారణాలు. "ఇతర కారణాలు" నొక్కితే నిర్లక్ష్యం కింద పడుతోంది.

బస్సెక్కి మహబూబాబాద్ పోయాను. విభాగం ఆఫీసులో వరుస మెట్ల దాకా ఉంది. నా ముందు సారయ్య అనే ముసలి రైతు చేతిలో చుట్టిన కాగితంతో నిలబడ్డాడు. పూర్తిగా వంగిపోయిన నడుము. వంగే తలతిప్పి అడిగాడు.

"నీదేం కథ సారూ?"

"మొక్కలు తగ్గినయట, బాపూ."

"నావి పెరిగినయ్. గదే నా పరేషాన్." కాగితం విప్పాడు. అది ఉత్తమ ఫలరైతు ప్రశంసాపత్రం. "యాభై జామలు పెట్టిన. సగం ఎండినయ్. ఉన్నయి మోకాలెత్తు. నేను గిట్ల నిలబడితే ఫోటో తీసిండ్రు. యాప్‌ల ఉన్నది నా నడుము వంగకముందు ఎత్తు, గా లెక్కన మొక్కలు రెండింతలు కనవడ్డయ్. జిల్లాల ఫస్టొచ్చినయట. వాపస్ తీస్కోండ్రని రెండు దినాల సంది తిరుగుతున్న. ఇచ్చేటందుకు ఫారం ఉందట, తీస్కునేటందుకు లేదట. మీదికెల్లి సోమవారం రైతులందరికి మొక్కలెట్ల పెంచాల్నో చెప్పమంటున్నరు. ఏం జెప్పాలె సారూ?"

"నడుము వంచాలని చెప్పు బాపూ."

సారయ్య ప్రశంసాపత్రం మళ్లీ చుట్టాడు. "గది మాత్రం అబద్ధం గాదు," అన్నాడు.

వృద్ధి నిర్ధారణాధికారి పద్మలత గారు నాకు కుర్చీ చూపించారు. (ఇది రాయకుండా వదిలేయదగిన విషయం కాదు. ఆ గదిలో కుర్చీలు ఫైళ్లకు కేటాయించినవి; ఆవిడ ఒక కట్టను స్వయంగా నేల మీద పెట్టి ఖాళీ చేశారు.) నా ఫైలు మొత్తం చదివారు. చదివే అధికారిని చూడటం లైబ్రరీలో పనిచేసిన నాకు కూడా అరుదే.

"మేడం, ఎత్తు గడిలో ఆరడుగులు అని మారిస్తే అయిపోతుంది కదా?"

"ఆ గడి తెరుచుకోదు సార్. మొదట్ల తెరిచే ఉండె. రైతులు ఫోటో ఫోటోకు ఎత్తు పెంచుకున్నరు. మనిషి పెరిగితే మొక్క కూడా పెరిగినట్టే చూపిస్తది కదా. ఒకాయన ఎనిమిదడుగులు అయిండు. అప్పుడు తాళం పడ్డది."

"సవరణకు దరఖాస్తు పెట్టుకుంటే?"

"పెట్టుకోవచ్చు. ఫారం ఉంది." ఒక కాగితం నా వైపు జరిపారు. "ఎత్తు మొదట ఎవరిచ్చిండ్రో వాళ్ల సంతకం కావాలె."

"ఆమె పోయింది మేడం."

"తెల్సు సార్. ఫైల్ల ఉంది." ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "గా గడి ఖాళీగుంటే ఫారం ముందుకు పోదు."

ఫ్యాన్ తిరుగుతోంది. కింద ఉన్న ఫైళ్ల మీది కాగితాలు ఆడుతున్నాయి.

"మరి దారేమిటి?"

"రెండే సార్. మొక్కన్న పెరగాలె, లబ్ధిదారన్న తగ్గాలె. రెండిట్ల దేనికీ మా విభాగానికి అభ్యంతరం లేదు."

ఇది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు. కానీ తాఖీదు మీద ఎర్ర సిరాతో "పునఃకొలతకు ఒక్క అవకాశం, మంగళవారం" అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. అలా రాసే అధికారం తనకుందో లేదో కనుక్కోవడానికి పుస్తకం తెరిచి, ఏమనుకున్నారో, చదవకుండానే మూసేశారు.

మంగళవారం కల్యాణ్ వచ్చేసరికి పక్క చేను వాళ్లు, తండాలో ఉండే భార్యాభర్తలు భోజ్యా, గంగాబాయి మా గట్టు మీద కూర్చొని ఉన్నారు. శాంతి ఉన్నప్పుడు గంగాబాయి మా తోటలోంచే పోయేది. లేనప్పుడు కూడా అలాగే పోతోంది, కాకపోతే ఇప్పుడు నాలుగు మొక్కల మొదట్లో కలుపు పీకి పోతోంది. విషయం చెప్పాను. వాళ్లిద్దరూ తమ భాషలో ఏదో అనుకున్నారు. భోజ్యా నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. అది కొలత అని నాకర్థమైంది.

ముందు నేను సారయ్యలా వంగి చూశాను.

"వంగొద్దు సర్," అన్నాడు కల్యాణ్. "గా పెద్దాయనకు అవార్డు వచ్చినంక వంగినోళ్లను యాప్ తీస్కుంట లేదు."

"అవార్డు?"

"అవార్డు ఉంచిండ్రు సర్."

మోకాళ్ల మీద కూర్చున్నాను. లబ్ధిదారుకు పాదాలు కనిపించడం లేదని ఫోన్ ఎర్ర గీత పెట్టింది. కుర్చీ తెచ్చి పదిహేడో నంబరును పైకెత్తలేం కదా అని భోజ్యా అన్నాడు. ఎండ ముదురుతోంది. బోరు పోసిన గంట అయిపోయి పైపుల్లో చివరి చుక్కలు కారుతున్నాయి.

"అక్క తవ్వించిన గుంత లేదా?" అంది గంగాబాయి.

అందరం అటు చూశాం. జామకోసం తవ్విన నలభై ఒకటో గుంత. రెండు వానాకాలాల మట్టి పడి సగం పూడింది, అడుగున ఎండుటాకులు. పదిహేడో నంబరు పక్కనే, సరిగ్గా ఫోటోకు మనిషి నిలబడాల్సిన చోట.

"గుంతలో నిలబడితే కూడా పాదాలు కనిపించవు కదా," అన్నాను.

కల్యాణ్ ఫోన్‌లో నియమాలు పైకీ కిందికీ జరిపి చదివాడు. "మోకాళ్లు మడిస్తేనే తప్పంట సర్. నేల లోపలికి పోయిన కాళ్లను గడ్డిల ఉన్నట్టు అనుకుంటదంట. గడ్డికి మినహాయింపు ఉంది."

గుంతలోకి దిగాను. గంగాబాయి వచ్చి అంచున నా పక్కన నిలబడింది.

"అక్క, నేను ఒక్కటే ఎత్తు సారూ. జాకిట్లు కూడ మార్చుకునేటోళ్లం. నా తల కాడికి నీ తల రావాలె." భోజ్యాను చూసి, "ఏందట్ల చూస్తవ్, పార దే" అంది.

భోజ్యా తవ్వాడు. నేను దిగాను, ఆమె చూసింది, నేను ఎక్కాను, అతను తవ్వాడు. మూడోసారికి ఆమె అరచేయి తన తల మీద నుంచి నా తల మీదికి బల్లపరుపుగా జరిగి, ఎక్కడా తగలకుండా వచ్చింది. "సాలు," అంది. టేపు పెడితే పద్నాలుగు అంగుళాలు. ఒక పాదం కింద ఏదో మెత్తగా తగిలింది. ఎండుటాకులే.

అలా ముప్పై నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఆమె ఎత్తు నుంచి తోటను చూశాను. పదిహేడో నంబరు కొసచిగురు నా కళ్ల ఎదురుగా ఉంది. నీలం చీర పేలిక ఛాతీ ముందు కనిపిస్తోంది. దాని ముడి పైనుంచి చూస్తే ముడి, ఇక్కడి నుంచి చూస్తే సులువుగా లాగితే ఊడేలా వదిలిన ఒక చిన్న చెవి. ఆకుల అడుగు భాగాలు కనిపిస్తున్నాయి. అక్కడ నాలుగైదు ఆకులు దగ్గరికి లాగి, దారంతో కుట్టినట్టు గూడు కట్టి ఉంది. లోపల పురుగు. పక్క కొమ్మకు ఇంకోటి.

శాంతి పొద్దున్నే తోటకు పోయి ఈ గూళ్లు తుంచి చీర కొంగులో వేసుకొని వచ్చేది. ఆమె పోయాక తోటలో పురుగు లేదని నేను కొంత ఊరటపడుతూ వచ్చాను. ఆరడుగుల ఎత్తు నుంచి నిజంగానే లేదు.

చెయ్యి చాపి మొదటి గూడు తుంచాను.

"కదలొద్దు సర్!" అన్నాడు కల్యాణ్.

"కింద గాలెట్లుంది సారూ?" అంది గంగాబాయి, ఫోటోకు అడ్డు రాకుండా జరిగి గట్టు మీద నుంచి.

కొలత సమయంలో లబ్ధిదారు పెదవులు కదపరాదని నియమం.

ఫోన్ ఆకుపచ్చగా వెలిగింది. యాభై నాలుగు అంగుళాలు. వృద్ధి: తొమ్మిది. నిటారుగా నిలబడి నిజం చెప్పినప్పుడు అబద్ధం నమోదైంది. గుంతలో దిగి అబద్ధమాడితే నిజం నమోదైంది. తోట సఫలం. డ్రిప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది. కల్యాణ్ వచ్చి చెయ్యిచ్చి నన్ను పైకి లాగాడు. ఆ పూట మిగిలిన ముప్పై తొమ్మిది మొక్కల దగ్గర మోకాళ్ల మీద కూర్చొని గూళ్లు తుంచాను. భోజ్యా, గంగాబాయి చెరో వరుస పట్టారు. బకెట్టు సగం నిండింది.

నాటిన మూడేళ్ల దాకా కొలతలుంటాయి కాబట్టి ఆ గుంత పూడ్చడానికి లేదు. జామ మొక్క కొని తెచ్చాను. బోరు దగ్గర సంచిలోనే పెరుగుతోంది. పొద్దున తోటకు పోయినప్పుడు ముందు ఆ గుంతలో దిగి ఒకసారి చుట్టూ చూసి, తర్వాత పని మొదలుపెడుతున్నాను. పురుగుల కోసమే.

వారం తర్వాత కల్యాణ్ మళ్లీ వచ్చాడు. చెప్పులు విడిచాడు గానీ లోపలికి రాకుండా గట్టు దగ్గరే నిలబడ్డాడు. ఒకరి బదులు ఒకరు ఫోటోలో నిలబడకుండా విభాగం ఒక జాగ్రత్త పెట్టుకుందట. ఎండకు అందరూ తలగుడ్డ చుట్టుకుంటారు, ముఖాలు ఆనవు. అందుకని మనిషిని ఎత్తుతోనే గుర్తుపడతారట. ఫోన్ నా చేతికిచ్చాడు.

"నమోదిత ఎత్తు, క్షేత్రంలో కనిపించిన ఎత్తు పూర్తిగా సరిపోయినందున మూల లబ్ధిదారు శ్రీమతి శాంతి గారు స్వయంగా హాజరైనట్లు నిర్ధారించడమైనది. వారి మరణ నమోదు పొరపాటుగా భావించి రద్దు చేయడమైనది. వారు తోటలో ఉన్నారు. అభ్యంతరం గలదా? లేదా?"

రెండుసార్లు చదివాను. మూడోసారి కళ్లజోడు తుడుచుకొని చదివాను.

"సర్," అన్నాడు కల్యాణ్ మెల్లగా, నేల చూస్తూ. "ఏం రాయమంటరు?"

నాకు అభ్యంతరం లేదని రాసుకొమ్మన్నాను. దానికి మాత్రం గడి ఉంది.